ఐసుపెట్టెలో హెల్మెట్

ఫెయిర్‌లీ కాలేజి తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాణ్ణి ఎవరినైనా సరే, చీలమండ చూపిస్తే చాలు, అర్నెటా పిట్‌మన్ పేరు చెప్పేస్తుంది. ముఖం చూపిస్తేనే ఒక్కోసారి తడబడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆమె ముందు బల్ల మీద వరసగా చాచిన కాళ్ళే తప్ప ముఖాలు తీరిగ్గా చూసే వీలెక్కడిది? తొంభైమంది ఆటగాళ్ళు, నూట ఎనభై కాళ్ళు, అవి బెణక్కుండా టేపు చుట్టే చేతులు రెండు.

ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. ఉద్యోగ కాగితంలో ట్రైనర్ అని ఉంటుంది. అంటే జట్టులో ఎవరికి దెబ్బ తగిలినా ముందు పరిగెత్తేది ఆమె, ఆడొచ్చో లేదో చెప్పేదీ ఆమే. పిల్లలు మిస్ నెటా అంటారు. ఆమె చూడకుండా మైదానంలోకి కాలు పెట్టినవాడు ఫెయిర్‌లీలో లేడు.

ఈ పని ఆమెకు కాలేజిలో అబ్బింది కాదు. మిసిసిపీ పల్లంలో అందరి అమ్మల్లాగే ఆమె తల్లి ఓలా మే కూడా చేపల ఫ్యాక్టరీలో క్యాట్‌ఫిష్ కోసేది. నిమిషానికి పన్నెండు చేపలు. ముప్ఫై ఏళ్ళు నిండేసరికి ఓలా మే మణికట్లు పొద్దున లేచాక కాఫీ కప్పు పట్టుకోవడానికి కూడా మొరాయించేవి. పదేళ్ళ నెటా పాత దుప్పటి పీలికలుగా చింపి, ఫ్యాక్టరీ బస్సు వచ్చేలోగా తల్లి చేతులకు కట్టేది.

"అంత గట్టిగా కాదే, నెత్తురు ఆడొద్దూ? అలాగని వదులుగానూ వద్దు, కత్తి జారుతుంది" అనేది ఓలా మే.

గట్టికీ వదులుకీ మధ్య ఉన్న ఆ వెంట్రుకవాసి తేడాయే నెటా నేర్చిన మొదటి చదువు. మిగిలినదంతా దానికి పట్టా.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఆమె ఒక తప్పు చేసింది. వెండెల్ అనే కుర్రాడు తలకి తల తగిలి, ఒక నిమిషం కూర్చుని, లేచి నవ్వాడు. "బాగానే ఉన్నానమ్మా, నా హెల్మెట్ ఇచ్చెయ్యండి" అన్నాడు. నవ్వు చూసి ఇచ్చేసింది. పది నిమిషాల తరవాత ఇంకో దెబ్బ తగిలింది. ఇప్పుడు వెండెల్‌కి నలభై ఆరేళ్ళు. ఊరి మొదట్లో ఉన్న ఇనపసామాన్ల కొట్లో పనిచేస్తాడు. వెలుతురు పడక కొట్టు లోపల కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాడు. నెటా ప్రతి శుక్రవారం వెళ్ళి వాడి చేత ఒక మేకుల పొట్లం కట్టించుకుంటుంది. వాడు ప్రతిసారీ "ఇల్లు కడుతున్నారా మిస్ నెటా?" అని కొత్తగా అడుగుతాడు. "అవునురా, మెల్లిగా కడుతున్నా" అంటుంది. ఆమె ఇంట్లో అలమర నిండా మేకులే.

ఆ ఏటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరి తలకు దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా, ముందు వాడి హెల్మెట్ లాక్కుని ఐసుపెట్టెలో పడేసి, మూత వేసి, దాని మీద కూర్చుంటుంది. హెల్మెట్ లేకుండా మైదానంలో అడుగు పెట్టడానికి రూలు ఒప్పుకోదు. పిల్లలు ఆ పెట్టెకు జైలని పేరు పెట్టారు. "ఇవాళ నా బుర్ర జైల్లో ఉంది" అని చెప్పుకుని నవ్వుకుంటారు. ఇన్నేళ్ళలో ఆమెను ఆ పెట్టె మీంచి లేపినవాడు లేడు. నిజం చెప్పాలంటే, అంత గట్టిగా లేపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఫెయిర్‌లీ జట్టు ఆడే ఆటలకు అంత విలువ ఎప్పుడూ లేదు.

ఆ అవసరం గట్టు మీద వచ్చింది.

గట్టు అంటే పల్లానికి ఎగువన ఉన్న, రాష్ట్రంలోకెల్లా పెద్ద విశ్వవిద్యాలయం. దాని అసలు పేరు ఫెయిర్‌లీలో ఎవరూ పలకరు, గట్టు మీదోళ్ళు అంటే సరిపోతుంది. ఏడాదికొకసారి, సెప్టెంబరులో, ఫెయిర్‌లీ జట్టు అక్కడికి ఓడిపోవడానికి వెళ్తుంది. ఆ పూట దెబ్బలు తిని వచ్చినందుకు గట్టు మీదోళ్ళు ఇచ్చే చెక్కుతో ఆడపిల్లల వాలీబాల్ జట్టు, బస్సులు, చివరికి మైదానం గడ్డి కూడా ఏడాదంతా నడుస్తాయి. ఊళ్ళో దాన్ని దెబ్బల కూలి అంటారు. ఎవరూ దాచుకోరు. సిగ్గుపడరు కూడా.

ఆ శనివారం పొద్దున పదింటికి నెటా తన ఐసుపెట్టెను ఈడ్చుకుంటూ మైదానం అంచుకు వచ్చింది. ఎండకు నేల అప్పటికే పెనంలా కాలుతోంది. హెల్మెట్లూ బట్టలూ చూసే ముసలాయన, మిస్టర్ ల్యూబర్ట్, చేతిలో స్క్రూడ్రైవరుతో అవతలి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నెటా, అటు చూడు. ఆ తెల్లచొక్కాలవాళ్ళు బ్యాండు మేళమంటావా?"

"ఆటగాళ్ళేమో."

"ఆటగాళ్ళు ఎర్రచొక్కాలు. ఈ తెల్లవాటిని ఇప్పటికి అరవై ఏడు లెక్కపెట్టాను. అందరి చేతుల్లోనూ పలకలే. రాయడానికి అంత ఏముందంటావు? మనల్ని కొట్టడమేగా పని."

అరవై ఏడు కాదు, ఎనభై పైనే ఉన్నారు. కోచ్‌లు కాకుండా, కోచ్‌లకు సలహా చెప్పేవాళ్ళు, ఆ సలహాల్ని లెక్కగట్టేవాళ్ళు, కోచ్ నడుస్తుంటే వెనకాల అతని చెవిఫోను తీగ పట్టుకుని నడిచేవాడు, పళ్ళరసం కలిపేవాళ్ళు. ఫెయిర్‌లీకి కోచ్‌లు ఏడుగురు ఉండేవారు. కిందటేడు ఇద్దరిని గట్టు మీదోళ్ళు ఎగరేసుకుపోయారు. ఒకణ్ణి తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెట్టి, వచ్చే ఏడాది ఆడబోయే జట్ల ఆట వీడియోలు చూడమన్నారట. దానికి ఇక్కడి ప్రధాన కోచ్ కంటే ఎక్కువ జీతం.

ఆ తెల్లచొక్కాల్లోంచి ఒకడు పరుగున వచ్చి నెటాను కావలించుకున్నాడు. ప్రెస్టన్ ఊల్‌ఫోక్. ఎనిమిదేళ్ళ కిందట ఆమె దగ్గర చదువుకుంటూ టేపు చుట్టడం నేర్చినవాడు.

"బాగా ఒళ్ళు చేశావురా! ఇక్కడ తిండి బాగా పెడుతున్నారా?"

"పెడుతున్నారు మిస్ నెటా. తిండికే నలుగురున్నారు. దెబ్బలు చూసేవాళ్ళం పద్నాలుగుమందిమి. ఇద్దరు పాదాలకి. ఒకావిడ నిద్రకి."

"నిద్రకా?"

"ఆటగాళ్ళు ఎంతసేపు పడుకున్నారో చూస్తుంది."

"మా ఊళ్ళో ఆ పని వాళ్ళ అమ్మలు చేస్తారు. మరి నువ్వు దేనికి?"

"తలలకి. అదిగో, పైన అద్దాల గదిలో కూర్చుంటా. ముందు నాలుగు తెరలు. నేను బంతి చూడకూడదు, తలలే చూడాలి. ఎవడు తూలినా, తల విదిలించినా కిందికి ఫోను చెయ్యాలి."

"మీవాళ్ళ తలలేనా?"

"అందరివీ చూస్తా. మీవి కూడా."

"మావి చూస్తే జీతం కోస్తారేమో జాగ్రత్త" అని నవ్వి పంపేసింది గానీ, వాడు మెట్లెక్కి పోతుంటే ఆ అద్దాల గది వైపు కాసేపు అలాగే చూసింది. తలలు చూడ్డానికే ఒక మనిషి. ఆమెకు ఇన్నేళ్ళలో కలలో కూడా రాని సంగతి.

ఆట మొదలైంది. ఫెయిర్‌లీ ఓడిపోవాలి, ఓడిపోలేదు. బంతి విసిరే కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్ డెమారి హబ్బర్డ్, ఆ రోజు ఏ గాలి పీల్చుకుని వచ్చాడో గానీ, విసిరిన బంతి విసిరినట్టే వెళ్ళి తనవాళ్ళ చేతుల్లో పడుతోంది. సగం ఆటకు అటూ ఇటూ సమానం. మూడో భాగం అయ్యేసరికి ఫెయిర్‌లీ ఇరవై, గట్టు పదిహేడు. ఎనభై వేలమంది కూర్చున్న ఆవరణ గుడిలా నిశ్శబ్దంగా ఉంది. ఒక మూల ఫెయిర్‌లీ నుంచి వచ్చిన రెండు వేలమంది మాత్రం గొంతులు చించుకుంటున్నారు.

నాలుగోదీ ఆఖరిదీ అయిన భాగం మొదట్లో, బెంచీ చివర ఒక భారీకాయుడు పిక్క పట్టేసి కిందపడి అరుస్తున్నాడు. గట్టు మీదోళ్ళకైతే ఇలాంటివాటికి సెలైను ఎక్కించే గది ఉంది. నెటా దగ్గర గాలన్ సీసాలో దోసకాయ ఊరగాయ ఉప్పునీళ్ళున్నాయి. "మింగు, వాసన చూడకు" అంటూ వాడి నోట్లో పోస్తూ పిక్క పిసుకుతుండగా ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో ఫోను మోగింది. ఆట జరుగుతుండగా ఆమెకు ఎవరూ ఫోను చెయ్యరు.

"మిస్ నెటా, ప్రెస్టన్‌ని. మీ క్వార్టర్‌బ్యాక్‌ని చూశారా?"

"లేదు. ఏమయింది?"

"ఇందాక మైదానం అంచున పడ్డాడు కదా, తల వెనక భాగం నేలకు కొట్టుకుంది. లేచి రెండడుగులు మా బెంచీ వైపు నడిచాడు. మీవాడొకడు చొక్కా పట్టుకుని తిప్పాడు. తెర మీద మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. తీసెయ్యండి."

అప్పుడే బంతి అవతలివాళ్ళ చేతికి వెళ్ళి, డెమారి బెంచీకి వస్తున్నాడు. మామూలుగానే నడుస్తున్నాడు. నెటా వాడికి ఎదురెళ్ళి హెల్మెట్ అడిగింది. నవ్వుతూ ఇచ్చాడు.

"ఏం లేదమ్మా. బాగానే ఉన్నాను."

ఆ నవ్వు ఆమెకు తెలుసు. ఇరవై అయిదేళ్ళుగా ప్రతి శుక్రవారం మేకుల పొట్లంతో పాటు దాన్నీ ఇంటికి తెచ్చుకుంటోంది.

జేబులోంచి అట్టముక్క తీసింది. తల పరీక్షకు అయిదు మాటలు చదవాలి, వాడు విని తిరిగి చెప్పాలి. గంట, ఆపిల్, తువ్వాలు, గుర్రం, వంతెన. ఆమె చదివింది. వాడు ఒక్క తడబాటు లేకుండా వరసగా అప్పజెప్పాడు. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడ్డాడు. కొంచెం ఊగాడు. కానీ ఆ ఎండలో మూడు భాగాలు ఆడినవాడు ఎవడైనా ఊగుతాడు.

కోచ్ ఎల్‌రాయ్ టిస్‌డేల్ ఇంతలో వచ్చాడు. నలభై అయిదేళ్ళవాడు, ఒకప్పుడు ఇదే జట్టులో ఆడినవాడు. అతని కాళ్ళకు టేపు చుట్టిందీ నెటాయే.

"ఏంటి ఆలస్యం మిస్ నెటా?"

"పైనుంచి ప్రెస్టన్ ఫోను చేశాడు. తల కొట్టుకుందట."

"ఎవరు? ప్రెస్టనా?" కోచ్ గొంతు లేచింది. "వాడు ఎవరి జీతం తింటున్నాడో తెలుసా? మూడు పాయింట్లు వెనకబడి, ఎనభై వేలమంది ముందు పరువు పోతోందని, మనవాణ్ణి తీసెయ్యమని వాళ్ళు చెప్పక ఎవరు చెప్తారు? మీరు చూశారా? మీ కళ్ళతో?"

"చూళ్ళేదు. నేను అక్కడ పిక్క పిసుకుతున్నా."

"మరి పరీక్ష?"

"అన్నీ చెప్పాడు."

"ఇంకేం మరి!"

అతని మాటలో అబద్ధం లేదు. ఆమె చూడలేదు. పరీక్షలో పిల్లవాడు నెగ్గాడు. చెప్పినవాడు శత్రువు పక్షంలో ఉన్నాడు. హెల్మెట్ తిరిగి ఇవ్వడానికి ఆమె చెయ్యి సగం లేచింది కూడా. అక్కడ ఆగింది.

వాడు అయిదూ ఎలా చెప్పాడు? విన్న మాటల్ని గుర్తుచేసుకునేవాడు ఒక్క క్షణం లోపలికి చూసుకుంటాడు. వీడు చూసుకోలేదు. పాటలా పాడేశాడు.

తల పరీక్ష సరంజామాతో పాటు అలాంటి అట్టముక్కలు, వేరువేరు మాటలతో, ఆరు వచ్చాయి. ఏడాదికొకటి మార్చాలి. ఆగస్టులో, ఆటలు మొదలవకముందు, ఒక్కరోజులో తొంభైమందికి ఒంటరిగా పరీక్ష పెట్టేదానికి మార్చడం ఎక్కడ కుదిరింది? పదేళ్ళుగా అదే అట్ట. సీనియర్లు కొత్తవాళ్ళకు స్నానాల గదిలో నేర్పే వంకరపాట ఒకటి ఉంది. గంటా ఆపిలూ తువ్వాలూ అంటూ చప్పట్లు కొడతారు. ఎన్నిసార్లు విన్నది! పిల్లచేష్టలనుకుంది.

అట్టముక్క జేబులో పెట్టేసి, చుట్టూ చూసింది.

"డెమారీ, ఇంకో అయిదు చెప్తాను విను. ఊరగాయ, బస్సు, టోపీ, కత్తెర, వాన."

వాడు చక్కగా తలూపి, అదే నవ్వుతో, "గంట, ఆపిల్, తువ్వాలు, గుర్రం, వంతెన" అన్నాడు.

కోచ్ విన్నాడు. వినలేదన్నట్టు ముఖం అటు తిప్పుకున్నాడు.

నెటా నాలుగడుగులు వేసి, ఐసుపెట్టె మూత ఎత్తి, హెల్మెట్‌ని మంచుగడ్డల్లోకి తోసి, మూత వేసి, మీద కూర్చుంది.

"మిస్ నెటా. తొమ్మిది నిమిషాలుంది. తొమ్మిదే."

"గడియారం నాకూ కనిపిస్తోంది."

"మనవాళ్ళు ఇక్కడికి ముప్ఫై ఒక్క సారి వచ్చారు. ఒక్కసారి గెలవలేదు. నేను నాలుగుసార్లు ఈ గడ్డి మీద ముఖం రాసుకుని ఇంటికెళ్ళాను. వాడు మాట తడబడ్డాడు, అంతే. నేను ఇంకొకడి హెల్మెట్ పెడతాను."

"పెట్టు. వాడి తలకి బిగించాలంటే లోపలి మెత్తలు సర్దాలి. మిస్టర్ ల్యూబర్ట్‌ని అడుగు."

కోచ్ తిరిగి చూశాడు. ముసలాయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు.

"నా స్క్రూడ్రైవరు కనబడ్డం లేదు కోచ్. ఇందాకటి నుంచీ వెతుకుతున్నా" అన్నాడు. దాని పిడి జేబులోంచి బయటికి పొడుచుకుని ఉంది.

"సోమవారం నాటికి మీరు ఈ పెట్టె మీద ఉండరు. తెలుసా?" అన్నాడు కోచ్ నెటాతో, పళ్ళ మధ్య నుంచి.

"సోమవారం సంగతి సోమవారం చూసుకుందాం. ఇవాళ శనివారం."

డెమారి ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అమ్మా, మా నాన్న అక్కడ కూర్చున్నాడు. ఇవ్వండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడ్చాడు. ఏడుస్తూ ఆమె ముఖం వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తున్నాడు. వెనకాల ఫెయిర్‌లీ మూల నుంచి ఎవరో గుర్తుపట్టి కేకేశారు. "ఆ పెట్టె మీదావిణ్ణి లేపండ్రా ఎవరైనా!" ఇంకొకరు అందుకున్నారు. "ఎంతిచ్చారమ్మా గట్టు మీదోళ్ళు?" ఊరివాళ్ళ గొంతులే. వాటిలో ఒకటి చర్చిలో ఆమె వెనక వరసలో కూర్చునే మనిషిది.

నెటా డెమారి తల మీద తడితువ్వాలు వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుంది. కోచ్ వైపు చూసి ఒకే ఒక్క మాట అంది.

"వెండెల్."

వెండెల్, ఎల్‌రాయ్ ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నారు. కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టి, దాన్ని మళ్ళీ తనే తీసుకుని, అటు తిరిగి రెండో కుర్రాణ్ణి కేకేశాడు.

రెండో కుర్రాడు మంచివాడే. చేతనయినంత ఆడాడు. ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లుండగా గట్టు మీదోళ్ళు బంతి గీత దాటించారు. ఇరవై నాలుగు, ఇరవై. ఆవరణంతా ఒక్కసారిగా ఊపిరి వదిలి గర్జించింది. నెటా అప్పటికీ పెట్టె మీంచి లేవలేదు. ఆఖరి ఈల వినబడ్డాక లేచి, మంచులో బిగుసుకుపోయిన హెల్మెట్ తీసి, చంకలో పెట్టుకుంది.

ప్రెస్టన్ ఒక డాక్టరును వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. లోపల వాళ్ళకే తల స్కాను తీసే సొంత యంత్రం ఉంది, ఫెయిర్‌లీ ఊరి ఆసుపత్రిలో కూడా లేనిది. బొమ్మ తీశారు. లోపల నెత్తురు లేదు, కానీ దెబ్బ గట్టిది, ఇంకొకటి తగిలి ఉంటే మేమేం చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు డాక్టరు. రాత్రంతా పక్కన మనిషి ఉండాలన్నాడు. బస్సు గంటన్నర ఆగింది. ఆపింది కోచే. డ్రైవరును కదలనివ్వకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మిస్ నెటా, ఇక్కడ ఒక చోటు ఖాళీ ఉంది" అన్నాడు ప్రెస్టన్ పెట్టె ఎత్తి బస్సులో పెడుతూ. "నేను చెప్తే తీసుకుంటారు. పదిహేనో మనిషిగా."

"పదిహేనో మనిషి లేకపోతే వీళ్ళకేం లోటురా? అక్కడ మొదటి మనిషిని నేనే" అంది. తరవాత వాడి చెంప మీద తట్టింది. "బంతి చూడకుండా మావాణ్ణి చూశావు. అది చాలు."

బస్సు పత్తిచేల మధ్య పడమటికి పోతోంది. డెమారి ఆమె పక్క సీట్లో, కిటికీకి తెర వేసుకుని కూర్చున్నాడు.

"మనం గెలిచామా అమ్మా?"

"ఓడిపోయాం. నాలుగు పాయింట్లు."

"ఓ." ఒక ఊరు దాటింది, ఇంకో ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించింది. "మనం గెలిచామా?"

"ఓడిపోయాం నాన్నా. నాలుగు."

మూడోసారి అడిగినప్పుడు ముందు సీట్లో కోచ్ టోపీ కదిలింది. నాలుగోసారి అడిగాక లేచి వచ్చి, నడవాలో సీటు పట్టుకుని నిలబడ్డాడు. పిల్లవాడి వైపు చాలాసేపు చూశాడు. ఏ తప్పూ ఒప్పుకోలేదు. అతనికి అది చేతకాదని, అతని పంతొమ్మిదో ఏట నుంచీ ఆమెకు తెలుసు.

"ఎన్నిసార్లు అడిగాడు?" అన్నాడు చివరికి.

"ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను. ఎల్‌రాయ్, నాకు ఒక మనిషి కావాలి."

"డబ్బు లేదు మిస్ నెటా. మీకు తెలుసుగా."

"డబ్బడగలేదు. పైన గదిలో నీ కోచ్‌లు ఇద్దరు కూర్చుంటారు. అందులో ఒకణ్ణి నాకివ్వు. వాడు ఆట చూడకూడదు. తలలే చూడాలి, ఫోను చెయ్యాలి."

"ఇద్దరిలో ఒకణ్ణా? నాకున్నదే అయిదుగురు! అవతల ఎనభైమంది. ఆ ఒక్కడూ పోతే నేను గుడ్డివాణ్ణయి ఆడాలి."

"నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా గుడ్డిదాన్నయి ఆడుతున్నాను. ఇవాళ మనవాణ్ణి కాపాడింది నా కళ్ళు కాదు, వాళ్ళ కళ్ళు. వచ్చే వారం మనకి ప్రెస్టన్ ఉండడు."

కోచ్ కిటికీలోంచి చేల వైపు చూశాడు. "మనం గెలిచామా?" అన్నాడు డెమారి అయిదోసారి, ఈసారి అతన్ని.

"లేదురా" అన్నాడు కోచ్. "తీసుకోండి. బైరన్‌ని తీసుకోండి. వాడికి కళ్ళద్దాలు కొత్తవి" అన్నాడు నెటాతో. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఆ పాట మా రోజుల్లో లేదు. ఉంటే నేనూ నేర్చుకునేవాణ్ణి."

"అందుకే ఇకమీదట ఆ మాటలు నా దగ్గర ఉండవు. రోజూ పొద్దున నువ్వే కొత్తవి అయిదు రాసి పంపు. నాకు కూడా ముందు తెలియకూడదు."

సోమవారం ఆమె పెట్టె దగ్గరే ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళో కొందరు పదిరోజులు మాట్లాడలేదు. చర్చిలో వెనక వరస మనిషి చోటు మార్చుకుంది. శుక్రవారం వెండెల్ ఎప్పటిలాగే మేకుల పొట్లం కట్టాడు. తరవాతి ఆటల్లో పైన గదిలోంచి బైరన్ పదమూడుసార్లు ఫోను చేశాడు. పన్నెండు ఉత్తవి. పదమూడోది కాదు.

గట్టు మీద ఆట అయిన మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, డెమారి రోజూలాగే ఆమె గదికి వచ్చాడు. అలమర పైన అతని హెల్మెట్, పేరు రాసిన టేపుతో, గోడ వైపు తిప్పి ఉంది. దాన్ని చూడనట్టు బల్ల మీద కూర్చున్నాడు. నెటా కోచ్ పంపిన కాగితం విప్పి అయిదు మాటలు చదివింది. కాసేపు మోకాలి గురించి, వాళ్ళ అమ్మ గురించి, అతను చదవని ఒక పరీక్ష గురించి మాట్లాడింది. అప్పుడు అడిగింది.

డెమారి కళ్ళు లోపలికి తిప్పుకున్నాడు. అది చూసి ఆమెకు ప్రాణం కుదుటపడింది. మనిషి వెతుక్కుంటున్నాడు.

"పళ్ళెం. చీపురు. రేవు." ఆగాడు. "నక్క."

వాడి పెదవులు కదిలాయి, ఏదీ రాలేదు. నెటా మొదటి అక్షరం కూడా అందించలేదు.

"నాలుగు వచ్చాయిగా అమ్మా. నిన్న మూడే."

"అవును, నాలుగు. నేను చదివింది అయిదు. రేపు రా."

వాడు అలమర వైపు ఒక్కసారి చూసి, సరేనమ్మా అని దిగి వెళ్ళాడు. నెటా ఆ కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి బుట్టలో వేసింది. కొత్త టేపు చుట్ట తీసి, తలుపు దగ్గర వరసలో నిలబడ్డ మొదటివాడితో, "ఊఁ, కాలు పెట్టు" అంది.